కాటా దగ్గర

హోర్షమ్‌లో నవంబరు అంటే
గోధుమ దుమ్ము పళ్ళ సందుల్లోకీ దూరుతుంది.
నేను వచ్చింది పంట కోసం కాదు,
పంటని రాసుకునే యంత్రానికి కొలతలు తీయడానికి.

ఎన్ని ప్రాసెసర్లు, ఎంత మెమరీ, ఎన్ని డిస్కులు,
ఐదేళ్ళకి సరిపడా,
డిసెంబరు బడ్జెట్టుకి లోబడి.
మనిషిని చూపించకుండా
చొక్కా కుట్టమన్నట్టు.
ఆ మనిషి ఇంకా ఎదుగుతున్నాడట కూడా.

అమ్మేవాళ్ళ కరపత్రంలో
నిమిషానికి లక్షల లావాదేవీలు.
ఏ లావాదేవీలో చెప్పరు.
వాళ్ళ గదిలో, వాళ్ళ చల్లగాలిలో,
వాళ్ళు రాసుకున్న పరీక్షకి
వాళ్ళే వేసుకున్న మార్కులు.

ఫైనాన్సు లాక్లన్ సగటు అడిగాడు.
రోజుకి ఎన్ని టికెట్లో చెప్పాను.
ఇరవై నాలుగుతో భాగించి
"ఇంతేనా, నా లాప్‌టాప్ చాలదూ" అన్నాడు.
ఏడాది వానని మూడువందల అరవై ఐదుతో భాగిస్తే
ఎవరికీ గొడుగు అక్కర్లేదు లాక్లన్.
ఈ మాట అప్పుడు అనలేదు. కారెక్కాక తట్టింది.

మర్నాడు కాటా దగ్గర కూర్చున్నాను,
స్టాప్‌వాచీ, ఎండకి మెత్తబడ్డ చాక్లెట్టూ పట్టుకుని.
కాటా మనిషి నెవిల్. ముప్పై రెండు కోతలు చూశాడు.
లారీ ఎక్కుతుంది. బరువు, తేమ, ప్రొటీను, గ్రేడు,
చీటీ. దిగుతుంది.
ఆ చీటీ నా లెక్కలో
పదిహేడు చదవడాలు, ఆరు రాయడాలు, ఒక కమిట్.
నెవిల్ లెక్కలో ఒక తల ఊపు.

"ఎక్కువ రద్దీ ఎన్నింటికి?"
గడియారం చూడలేదు. పడమర చూశాడు.
"అటు నల్లబడితే" అన్నాడు.

గురువారం నల్లబడింది.
తడిసిన గింజ పశువుల మేత ధరకి దిగిపోతుంది,
అందుకని చుట్టుపక్కల లారీ అన్నదల్లా
మూడింటికే బయల్దేరింది.
రోడ్డు మలుపు దాకా, మలుపు అవతలకీ
ఇంజన్లు ఆపని వరుస.
లోపల గాదెలు నోరు తెరుచుకుని ఉన్నాయి,
దింపే గోతులు నాలుగూ ఖాళీ.
కాటా ఒక్కటి.

ఇన్నాళ్ళూ నేను లెక్కపెట్టింది గాదెల్ని.
ప్రాసెసర్ మీద ప్రాసెసర్ పేర్చుకుంటూ పోయాను.
ఎంత పెద్దింటి కమిట్ అయినా
లాగు డిస్కు ముందు నిలబడి
తన వంతుకి ముద్ర వేయించుకోవాల్సిందే.
అక్కడ ఆగిందా, ముప్పై రెండు కోర్లూ
మడ్‌గార్డుకి జారబడి సిగరెట్ ముట్టించిన డ్రైవర్లే.

రాత్రి మోటెల్లో షీటు తిరగరాశాను.
సగం కోర్లు కొట్టేశాను.
ఆ డబ్బు లాగుకి,
గబగబా రాసే, కరెంటు పోయినా మరవని జంట డిస్కులకి.
మూడున్నర నుంచి నాలుగున్నర,
ఆ ఒక్క గంటే ఏడాది అనుకున్నాను.
దాని మీద ముప్పై శాతం.
ముప్పైయే ఎందుకంటే,
ఎసట్లో ఇంకో గ్లాసు ఎందుకు పోస్తారో
అదే సమాధానం.

యంత్రం ఫిబ్రవరిలో దిగింది.
ఆ ఏడు వాన దిగలేదు.
వేసిన విత్తు వేసినచోటే మాడింది.
మళ్ళీ నవంబరు. యంత్రం తొమ్మిది శాతం దగ్గర
కునుకు తీస్తోంది.
లాక్లన్ గ్రాఫు పంపాడు, ముక్క రాయకుండా.
నేలని పాకుతున్న గీత పక్కన
ఎర్రగా ఒక ప్రశ్నార్థకం.

నెవిల్‌కి ఫోన్ చేశాను.
పొద్దుట్నుంచి నాలుగు లారీలట. కాటా ఊడ్చుకుంటున్నాడు.
"ఎనభై టన్నులు మోస్తుంది ఇది.
ఇప్పుడు దీనిమీద ఒక మాగ్‌పై వాలింది.
ముల్లు కదల్లేదు."
"చిన్నది కట్టాల్సిందంటావా?"

"ఉండు" అన్నాడు.
బూట్ల చప్పుడు. తలుపు కిర్రుమంది.
చాలాసేపు గాలి మాత్రమే.
తిరిగొచ్చి ఫోన్ అందుకున్నాడు.
"ఇవాళ ఏం లేదు" అన్నాడు.